గోడలు చూడ్డానికి ఇటలీ

(ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అక్షరాల్లో పెట్టింది.)

అందరికీ నమస్కారం. వెనక వరస దాకా వినబడుతోందా? సరే.

కార్యదర్శి గారు నన్ను పరిచయం చేస్తూ కళా విమర్శకులు అనేశారు. కాదండీ. నేను ముప్పై రెండేళ్ళు సివిల్ ఇంజనీరుగా చేశాను. గోడలు కట్టించాను, గార పని కొలిచాను, ఎం బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, రాశాను, బిల్లులు పాస్ చేశాను. కొన్ని బిల్లులు కోశాను కూడా. కాబట్టి ఈ సాయంత్రం మీరు వినబోయేది గోడల మనిషి చెప్పే మాటలు. బొమ్మల గురించి చెప్పినా, అవి గోడ మీద ఉన్నాయి కాబట్టే చెబుతాను.

మొదటిసారి ఇటలీ వెళ్ళింది రిటైరైన ఏడాది, పేకేజీ టూరులో. ఎనిమిది రోజులు, ఆరు ఊళ్ళు. తెల్లారకముందే బస్సు, ముందు జెండా పట్టుకుని గైడు, వెనకాల మేం. ఒక పెద్ద మ్యూజియంలో ప్రపంచమంతా ఎరిగిన ఒక బొమ్మ ముందు నిలబడ్డాను. నిలబడ్డానని ఫోన్లో ఫోటో ఉంది. నాకు గుర్తున్నది మాత్రం నా ముందున్నాయన చొక్కా. నీలం గళ్ళ చొక్కా. ఇప్పుడు ఎక్కడ కనబడినా గుర్తుపడతాను. (నవ్వులు)

ఇంటికొచ్చాక మా ఆవిడ అంది, "అంత డబ్బు పెట్టి వీపులు చూసొచ్చాం" అని. రెండోసారి వెళ్ళినప్పుడు పేకేజీ వద్దనుకున్నాం. రోము, ఫ్లారెన్సు, వెనిస్ మూడూ వదిలేశాం. బొలోన్యాలో ఒక గది తీసుకుని పదకొండు రోజులు అక్కడే ఉన్నాం. బొలోన్యా ఎందుకంటే అది రైల్వే జంక్షను, మనకి విజయవాడ లాగా. ఫెరారా అరగంట పైచిలుకు, రవెన్నా గంటా పావు, పాదువా గంటన్నర. పొద్దున టిఫిను చేసి వెళ్ళి, రాత్రి భోజనానికి వచ్చెయ్యొచ్చు. పెట్టెలు మొయ్యక్కర్లేదు. మా వయసులో అదే పెద్ద సుఖం.

అక్కడ రీజనల్ రైళ్ళని ఉంటాయి, మన ప్యాసింజరు బళ్ళ లాంటివి. రిజర్వేషనుండదు, టికెట్టు తక్కువ. కాకపోతే ఒక సంగతి. కాగితం టికెట్టు కొంటే చాలదు, ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న చిన్న మిషనులో పెట్టి ముద్ర వేయించుకోవాలి. నేను వేయించలేదు. యాభై యూరోలు కట్టాను. టికెట్టు చేతిలో పెట్టుకుని టికెట్టు లేని ప్రయాణికుడినయ్యాను. అతను చాలా మర్యాదగా రసీదు రాసిచ్చాడు, చక్కటి దస్తూరీ. మీరు మాత్రం ముద్ర మర్చిపోకండి. ఫోనులో కొన్నా అంతే, ఎక్కే ముందు అందులో చెక్-ఇన్ అని నొక్కాలి.

ఇంకో చిన్న విషయం. స్టేషన్ల పేర్లు చదవడం మనకి చాలా తేలిక. ఫెరారా, రవెన్నా, మోదెనా, రిమిని. అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. తెలుగుని తూర్పు దేశపు ఇటాలియన్ అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. అక్కడ కూర్చుని బోర్డులు చదువుతుంటే నాకు ఇటాలియనే పడమటి దేశపు తెలుగులా అనిపించింది.

సరే, ఫెరారా. ఎక్కువసేపు దీని గురించే మాట్లాడతాను, ముందే చెబుతున్నాను.

ఫెరారా సైకిళ్ళ ఊరు. ఎనభై ఏళ్ళ అమ్మమ్మలు కూరగాయల సంచీ హేండిలుకి తగిలించుకుని తొక్కుకుంటూ పోతారు. ఊరి చుట్టూ పాత కోటగోడ ఇంకా ఉంది, సుమారు తొమ్మిది కిలోమీటర్లు. ఎస్తే వంశం వాళ్ళు ఏలిన ఊరు. ఊరికి ఒక పక్కగా స్కిఫనోయా అనే మేడ ఉంది. ఆ పేరుకి అర్థం విసుగుని తప్పించుకోవడం. రాజులు విసుగు పుడితే వచ్చి కూర్చునే విడిది అన్నమాట. 1385 లో కట్టడం మొదలెట్టారు, తర్వాత పెంచారు. బయట నుంచి చూస్తే పెద్ద ఇటుక గోడ, ఒక ద్వారం. ఇదేనా అనుకుంటాం.

లోపల మేడ మీద పన్నెండు నెలల హాలుంది. 1470 ప్రాంతంలో బొర్సో అనే ప్రభువు వేయించాడు. ఒక్కో నెలకి గోడలో ఒక్కో భాగం. ప్రతి భాగమూ మూడు అంతస్తులు. పైన ఆ నెలకి అధిపతి అయిన దేవతో దేవుడో రథం మీద ఊరేగుతూ ఉంటారు. కింద బొర్సో గారి రోజువారీ జీవితం: వేటకి పోవడం, తీర్పులు చెప్పడం, దానాలు చెయ్యడం. ఏ నెలలో చూసినా ఆయన నవ్వుతూనే ఉంటాడు. మధ్యలో ముదురు నీలం పట్టీ ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

పన్నెండు నెలల్లో ఇప్పుడు సరిగ్గా కనబడేవి ఏడే, మార్చి నుంచి సెప్టెంబరు దాకా. 18వ శతాబ్దంలో ఆ మేడని పొగాకు ఫ్యాక్టరీ చేశారు. గోడలకి సున్నం కొట్టేశారు. పొగాకు అంటే మన ఒంగోలు వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, పొగాకు ఆరబెట్టే బేరను పక్కన బట్టలారేసుకున్నా వాసన పోదు. అలాంటి చోట, సున్నం కింద ఈ బొమ్మలు దాక్కున్నాయి. 19వ శతాబ్దంలో సున్నం గోకి తీస్తే బయటపడ్డాయి. సున్నం కొట్టినవాణ్ణి తిట్టాలో, ఆ సున్నమే కొంత కాపాడింది కదా అని ఊరుకోవాలో నాకు తేలలేదు.

మార్చి, ఏప్రిల్, మే, ఈ మూడు నెలలూ వేసింది ఫ్రాంచెస్కో దెల్ కొస్సా. ఫెరారా మనిషే. వాళ్ళ నాన్న తాపీ మేస్త్రీ. ఇక్కడ నాకు కాస్త ఊపిరాడింది, మన డిపార్టుమెంటే కదా అని.

ఈ పని ఎలా చేస్తారో చెబుతాను. ముందు గోడకి ముతక గార. దాని మీద నున్నటి పల్చటి గార, సున్నం, ఇసక. అది తడిగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగు వెయ్యాలి. ఆరుతున్నకొద్దీ సున్నం గాలిలోంచి కార్బన్ డయాక్సైడు పీల్చుకుని మళ్ళీ రాయవుతుంది. రంగు ఆ రాయి లోపల ఇరుక్కుపోతుంది. అందుకే ఐదొందల ఏళ్ళుంటుంది. ఆరిపోయాక వేస్తే పైపైన అంటుకుని, పెచ్చులుగా ఊడుతుంది. కాబట్టి పొద్దున్నే ఆ రోజు వెయ్యగలిగినంత మేరకే గార పుయ్యాలి. ఆ ముక్కని జోర్నాతా అంటారు. అంటే రోజు పని. పక్క నుంచి వెలుతురు పడ్డప్పుడు చూస్తే ఒక రోజు పనికీ మర్నాటి పనికీ మధ్య సన్నటి అతుకు గీత కనబడుతుంది. ఏప్రిల్ గోడ ముందు నేను ఆ అతుకులే వెతుక్కుంటూ కూర్చున్నాను. ఇక్కడ ఒక గుర్రం తల, ఇవాళ్టికి చాలు. ఇక్కడ అమ్మాయి మొహం, దానికి విడిగా చిన్న ముక్క, జాగ్రత్తగా. హాజరు పట్టీ చదివినట్టుంది నాకు.

ఇక ఉత్తరం సంగతి. 1470 మార్చి 25 న కొస్సా బొర్సోకి ఒక ఉత్తరం రాశాడు. అది ఇప్పటికీ ఉంది. నా మూడు నెలలూ నేనొక్కణ్ణే వేశాను, మంచి రంగులు, బంగారం వాడాను, నాకిప్పుడిప్పుడే కాస్త పేరొస్తోంది, అలాంటిది నన్ను ఊళ్ళో అందరికన్నా నాసి పనివాడితో సమానంగా లెక్కగట్టి అడుగుకి పది బొలొనీనీలు, అంటే అప్పటి నాణేలు, ఇస్తారా, అని దాని సారాంశం. పర్యవేక్షణ చేసే ఆస్థాన పండితుడు పెల్లెగ్రీనో ప్రిషానీని విసిగించడం ఇష్టం లేక నేరుగా మీకే రాస్తున్నాను అని కూడా అన్నాడు. అంటే కింది అధికారిని దాటి పైకి అర్జీ పెట్టాడు. ఆ ధైర్యం చూడండి.

బొర్సో జవాబు: నిర్ణయించిన రేటుతో సరిపెట్టుకోమను.

రేటంతే అన్నాడు. ఆ మాట నేనెన్నిసార్లు అన్నానో! నేను పనిచేసిన శాఖ పేరు వదిలేయండి. ఒక భవనంలో మెట్ల దగ్గర ఒక మేస్త్రీ గార చేశాడు. అలాంటి నునుపు అంతకుముందు నేను చూడలేదు. చెయ్యి పెడితే జారిపోయేది. "సారూ, దీనికి మామూలు రేటు కట్టకండి, నాలుగు రోజులు ఎక్కువ పట్టింది" అన్నాడు. షెడ్యూల్లో ఎంతుందో అంతే, గోడకి గోడకీ తేడా ఏముంది అన్నాను నేను. "అలాగేనండి" అని తలగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, ఫెరారాలో, ఆ గోడ ముందు అతని మొహం గుర్తొచ్చింది. పేరు మాత్రం గుర్తు రాలేదు.

ఇప్పుడు తమాషా చూడండి. కొస్సా వేసిన మార్చి నెలలోనే బొర్సో తీర్పు చెబుతుంటాడు. పైన కమాను మీద న్యాయం అని లాటిన్‌లో రాసుంటుంది. ఏప్రిల్ నెలలో బొర్సో తన విదూషకుడికి నాణెం ఇస్తుంటాడు. చేతిలో పెడుతున్నట్టు, స్పష్టంగా. ఆ నాణెం వేసినవాడికి డబ్బు సరిగ్గా ఇవ్వలేదు. కొస్సా ఆ తర్వాత ఫెరారా వదిలేసి బొలోన్యా వెళ్ళిపోయాడు, అక్కడే చనిపోయాడు. బొర్సో కూడా 1471 లో పోయాడు. ఇప్పుడా హాలుకి వచ్చేవాళ్ళు ఎవరి కోసం వస్తారో మీరే చెప్పండి.

మధ్య పట్టీ సంగతి చెబుతానన్నాను. ఫోటో వెయ్యమ్మా. ఇది మార్చి నెల. నడుమ మేషం, అంటే పొట్టేలు. దాని చుట్టూ ముగ్గురు మనుషులు. ఒకడు నల్లటివాడు, చిరిగిన తెల్లబట్టలు, నడుముకి తాడు. రెండోది ఎర్రచీర అనిపించే ఎర్ర వస్త్రం కట్టుకున్న ఆడమనిషి, ఒక కాలు బయటికి పెట్టి కూర్చుంది. మూడోవాడి చేతిలో వలయం లాంటిదీ బాణం లాంటిదీ ఉన్నాయి. వీళ్ళెవరు? గ్రీకు దేవతలు కారు, క్రైస్తవ సాధువులూ కారు. చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1912 లో రోములో జరిగిన కళా చరిత్ర మహాసభలో హాంబుర్గుకి చెందిన అబీ వార్‌బుర్గ్ దీన్ని విప్పాడు. వీళ్ళు రాశిలో మూడు భాగాలకి అధిపతులని, వీళ్ళ రూపాలు వరాహమిహిరుడి దాకా వెళ్తాయని.

నేను ఆ హాల్లో బల్ల మీద కూర్చుని గైడు పుస్తకంలో ఇది చదివి, "ద్రేక్కాణం!" అని పైకే అనేశాను. కాపలా ఆవిడ నా వైపు చూసింది. మా మేనమామ జాతకాలు చూసేవారు. రాశికి ముప్పై భాగలు, పది భాగలకి ఒక ద్రేక్కాణం, మొత్తం ముప్పై ఆరు అని చిన్నప్పుడు నా చేత వల్లె వేయించేవారు. వరాహమిహిరుడి బృహజ్జాతకంలో మేషం మొదటి ద్రేక్కాణం ఎలా ఉంటాడు? నల్లటి మనిషి, నడుముకి తెల్లబట్ట, ఎర్రటి కళ్ళు, ఎత్తిన గొడ్డలి. రెండోది ఎర్రబట్ట కట్టిన స్త్రీ, ఒంటికాలు. గొడ్డలి దారిలో ఎక్కడో జారిపోయింది, తెల్లబట్ట చిరిగింది. మనిషి మాత్రం ఫెరారా చేరాడు.

ఎలా చేరాడంటే, బాగ్దాదులో 9వ శతాబ్దంలో అబూ మాషర్ అనే జ్యోతిష్కుడు గ్రీకుల లెక్కనీ భారతీయుల లెక్కనీ పక్కపక్కన రాసిపెట్టాడు. ఆ అరబ్బీ గ్రంథం లాటిన్‌లోకి వెళ్ళింది, లాటిన్ పుస్తకం ఇటలీ పండితుల చేతికొచ్చింది. మన గొప్ప అని చప్పట్లు కొట్టేముందు ఒక్క మాట. వరాహమిహిరుడు ఆ రెండో ద్రేక్కాణాన్ని వర్ణించిన శ్లోకంలోనే "యవనోపదిష్టం" అన్నాడు. యవనులు, అంటే గ్రీకులు, చెప్పిన రూపం ఇది అని. ద్రేక్కాణం అనే మాటే గ్రీకు దెకానోస్ నుంచి వచ్చింది. అంటే గ్రీకుల నుంచి మనకి, మన నుంచి బాగ్దాదుకి, అక్కణ్ణించి ఇటలీకి. వెయ్యేళ్ళు తిరిగి తిరిగి, ఒక తాపీ మేస్త్రీ కొడుకు చేతిలో, అడుగుకి పది బొలొనీనీల చొప్పున గోడెక్కాడు. (చప్పట్లు)

ఆ రోజు ఆ హాల్లో రెండు గంటలున్నాం. మాతో పాటు పది మంది కూడా లేరు. సోమవారం మాత్రం వెళ్ళకండి, అక్కడ చాలా మ్యూజియాలకి సోమవారం సెలవు.

బొలోన్యాకి వద్దాం. ఇక్కడ ఊరంతా నడవాలు. ఇళ్ళ ముందు మన మండువా అరుగుల్లాగా కమానులు కట్టి, పైన మేడలు ముందుకు తెచ్చారు. వానలో గొడుగు లేకుండా ఊరంతా తిరగొచ్చు. కొండ మీద గుడికి వెళ్ళే దారిలో ఒకే నడవాకి 666 కమానులున్నాయి. లెక్కపెడదామని మొదలెట్టి ఎనభై దగ్గర తప్పాను.

పెద్ద చౌరస్తా పక్కన చేపలు, జున్ను, పళ్ళు అమ్మే సందులున్నాయి. ఆ సందుల మధ్య సాంతా మరియా దెల్లా వీతా అనే చర్చి. లోపల ఒక మూల కాల్చిన మట్టి బొమ్మలు, నిలువెత్తువి. 15వ శతాబ్దంలో నికొలో దెల్లార్కా చేసినవి. సిలువ మీంచి దించిన క్రీస్తు శవం నేల మీద ఉంది. చుట్టూ ఆరుగురు. ఒకాయన మోకాళ్ళ మీద ఉన్నాడు, దగ్గర సుత్తి, పటకారు. మేకులు ఊడదీసినవాడు అతనే. అతనొక్కడే శవాన్ని చూడడు, మనల్ని చూస్తాడు. యోహాను గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఏడుపు బిగబట్టుకున్నాడు. కుడివైపు ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం బిగబట్టుకోలేదు. ఒకావిడ చెయ్యి ముందుకు చాచి, చూడలేను అన్నట్టు ఆ దృశ్యాన్ని నెట్టేస్తోంది. చివరావిడ మగ్దలేనా, పరుగెత్తుకొస్తోంది. గాలికి బట్టలు వెనక్కి ఎగిరాయి. నోరు తెరుచుకుని ఉంది. ఆ నోట్లోకి చూడండి, నాలుక, పళ్ళు కనబడతాయి. రాయి అయితే అంత లోతు తొలచడం ఎంత కష్టమో! మట్టి కాబట్టి వేలితో నొక్కాడు.

ఆ ఏడుపు మనకి కొత్త కాదు. శోకాలు పెట్టి ఏడవడం మన ఊళ్ళలో చూసినవాళ్ళమే. మా ఆవిడ అక్కడ ఐదు నిమిషాలే ఉండి బయటికెళ్ళిపోయింది. తర్వాత చెప్పింది, వాళ్ళ అమ్మ పోయినప్పుడు పిన్ని ఊరి నుంచి బస్సు దిగి అలాగే వచ్చిందట. ఆ చర్చి పక్కన అప్పట్లో ఆసుపత్రి ఉండేది, దాన్ని నడిపే సంఘానిదే చర్చి కూడా. పక్క గదిలో మనిషి పోతే, ఆ ఇంటివాళ్ళు వచ్చి ఈ బొమ్మల ముందు నిలబడి ఉంటారు. నేనైతే అలాగే ఊహించుకున్నాను. ఒకప్పుడు వీటికి రంగులుండేవి. ఇప్పుడు జాడలే మిగిలాయి, మట్టిరంగే ఎక్కువ. మంచిదే అయింది, రంగులతో అయితే నేనూ నిలబడలేకపోయేవాణ్ణేమో.

నికొలోకి దెల్లార్కా అన్న పేరు ఎందుకొచ్చిందంటే, అదే ఊళ్ళో సాన్ దొమెనికో చర్చిలో సాధువు సమాధి మందసానికి, వాళ్ళ భాషలో అర్కాకి, పని చేసినందుకు. పని పూర్తవకుండానే 1494 లో చనిపోయాడు. మిగిలిన చిన్న విగ్రహాలు చెయ్యడానికి ఒక కుర్రాడికి అప్పజెప్పారు. పంతొమ్మిదేళ్ళవాడు, ఫ్లారెన్సులో గొడవలకి భయపడి పారిపోయి వచ్చాడు. పేరు మికెలాంజెలో. అక్కడ దీపం పట్టుకున్న దేవదూతలు ఇద్దరున్నారు, ఒక్కోటి మూరెడు ఎత్తు. ఒకటి నికొలోది, సన్నగా, ఇంకా పిల్లతనం పోని మొహం. రెండోది మికెలాంజెలోది. దీపం పట్టుకోవడానికి అంత కండ ఎందుకో! ఫ్లారెన్సులో మికెలాంజెలో కోసం క్యూలో గంటలు నిలబడ్డవాణ్ణి, ఇక్కడ ఆయన చేసిన బొమ్మని రెండడుగుల దూరం నుంచి చూశాను. నా ముందు ఏ చొక్కా లేదు.

చర్చీల గురించి ఒక జాగ్రత్త. మధ్యాహ్నం చాలావాటికి తాళం పడుతుంది, మళ్ళీ మూడు, మూడున్నరకి తీస్తారు. లోపల చీకటిగా ఉంటుంది. గోడకి చిన్న డబ్బా ఉంటుంది, నాణెం వేస్తే ఒకటి రెండు నిమిషాలు లైటు వెలుగుతుంది. జేబులో చిల్లర ఉంచుకోండి. లైటు ఆరిపోయేలోపు ఏం చూడాలో ముందే అనుకుని నాణెం వెయ్యండి. మేం మొదట్లో డబ్బా ఎక్కడుందో వెతికి, నాణెం వేసి, కళ్ళద్దాలు తీసి తుడిచేసరికి లైటు పోయేది.

రవెన్నా గురించి చాలామందికి తెలుసు, గాజు ముక్కల బొమ్మలు. అన్నీ చెప్పను. బయట నుంచి ఉత్తి ఇటుక కట్టడాలు, మన పాత గోడౌన్లలా ఉంటాయి. గల్లా ప్లచీదియా సమాధి మందిరం అని చిన్న కట్టడం, తల వంచి లోపలికెళితే నీలం ఆకాశం, బంగారు చుక్కలు. కిటికీలకి అద్దాల బదులు పల్చటి అలబాస్టరు రాతి పలకలు, తేనెరంగు వెలుతురు. గాజు ముక్కల్ని సమంగా తాపలేదు, కాస్త అటూ ఇటూ వాల్చి తాపారు. మనం కదిలినప్పుడల్లా ఒక చోట ఆరి ఇంకో చోట వెలుగుతాయి. నా కింద పనిచేసిన మేస్త్రీ టైల్స్ అలా పెడితే పీకించేసేవాణ్ణి.

నేను మీకు చెప్పాలనుకున్నది సాంత్ అపొల్లినారే నువోవోలో చూసింది. థియొడొరిక్ అనే గోత్ తెగ రాజు 6వ శతాబ్దం మొదట్లో తన రాజభవనం పక్కన కట్టించిన చర్చి. గోడ మీద ఆ భవనాన్నే మొజాయిక్ చేయించాడు. కమానుల కింద తనూ, తన కొలువువాళ్ళూ నిలబడి ఉండేవారు. 540 లో జస్టీనియన్ చక్రవర్తి సైన్యం ఊరు పట్టుకుంది. థియొడొరిక్ వాళ్ళ దృష్టిలో మతభ్రష్టుడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ మనుషులందర్నీ పీకించి, ఆ చోట్లలో తెల్లటి తెరలు, వెనకాల బంగారు రంగు తాపించారు. పని నీటుగానే చేశారు. మేం గోడ కింద నిలబడి ఉండగా మా ఆవిడ అంది, "ఏవండీ, ఆ స్తంభం మీద చెయ్యేమిటి?"

చూస్తే నిజమే. తెల్లటి స్తంభం, దాని మీద ఒక అరచెయ్యి, కాస్త ముంజేయి. అక్కడితో ఆగిపోయింది. మనిషి లేడు. ఇంకో స్తంభం మీద ఇంకో చెయ్యి. మనుషుల్ని పీకేటప్పుడు స్తంభాల మీదకి వచ్చిన చేతుల జోలికి వెళ్ళలేదు. స్తంభం కూడా పీకితే మళ్ళీ తాపాలి, అది వాళ్ళ ఎస్టిమేటులో ఉండి ఉండదు. (నవ్వులు) నా మాటకి ఆధారం లేదు లెండి, ఇంజనీరు బుద్ధి. కానీ దాదాపు పధ్నాలుగు వందల యాభై ఏళ్ళుగా ఆ చేతులు స్తంభాలు పట్టుకునే ఉన్నాయి. బైనాక్యులర్స్ తీసుకెళ్ళండి, చిన్నవి చాలు. ఇటలీకి కెమెరా లేకపోయినా పర్వాలేదు గానీ బైనాక్యులర్స్ ఉండాలి.

పాదువా. ఇక్కడ అందరూ జొత్తో చిత్రించిన స్క్రొవెన్యీ చాపెల్‌కి వెళ్తారు. 1305 నాటికి అయింది. ముందే బుక్ చేసుకోవాలి. ఒక గాజు గదిలో పావుగంట కూర్చోబెడతారు, మన ఒంటి తేమ, దుమ్ము సర్దుకోవడానికి. తర్వాత లోపల పావుగంట. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. నేను పొగడ్డానికి కొత్తగా ఏమీ లేదు.

బయటికొచ్చాక జనం స్టేషను వైపు పోతారు. మీరు పక్కనే ఉన్న ఎరెమితానీ చర్చిలోకి వెళ్ళండి. కుడివైపు చివర ఒవెతారీ చాపెల్. అక్కడ మంతెన్యా అనే చిత్రకారుడు పదిహేడేళ్ళ వయసులో, 1448 లో, బొమ్మలు మొదలెట్టాడు. 1944 మార్చి 11 న మిత్రపక్షాల విమానాలు వేసిన బాంబుల్లో అవి నేలకూలాయి. అంతకుముందే గోడ నుంచి విడదీసి దాచిన రెండు మూడు భాగాలు తప్ప తక్కినవన్నీ పెచ్చులైపోయాయి. జనం ఆ శిథిలాల్లోంచి గార ముక్కలు ఏరి పెట్టెల్లో పెట్టారు. ఎనభై వేలకి పైగా ముక్కలు. చాలావాటి సైజు మన అప్పడం ముక్కంత. పెట్టెల్లో యాభై ఏళ్ళు ఉన్నాయి. తర్వాత వాటిని ఒక్కొక్కటే ఫోటో తీసి, యుద్ధానికి ముందు తీసిన నలుపు తెలుపు ఫోటోలతో కంప్యూటరులో సరిచూసి, ఏ ముక్క ఎక్కడిదో పట్టుకున్నారు. 2006 లో గోడ మీదకి చేర్చారు. పాత ఫోటోని పెద్దది చేసి గోడంతా పరిచారు, చోటు తెలిసిన రంగు ముక్కని ఆ చోట పెట్టారు.

ఇప్పుడు ఆ గోడ చూస్తే అంతా బూడిదరంగు. ఒక సైనికుడి మోకాలు మాత్రం రంగులో ఉంటుంది. ఒక మూల ఎర్ర గుడ్డ, కమానులో ఒక ఇటుక. తక్కినదంతా ఫోటోనే. లేని చోట కొత్తగా రంగులు వేసి పూరించలేదు. మన దగ్గర అయితే ఈపాటికి ఎనామెల్ పెయింటు వేసేసేవాళ్ళం. ఎన్ని గుళ్ళలో చూడలేదూ! ఆ మాట మొదలెడితే ఈ సభ రాత్రికి గానీ అవదు.

టైమయిందని సైగ చేస్తున్నారు. రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

(ప్రేక్షకుల నుంచి: "ఆ ఊళ్ళలో భూకంపాలొస్తాయంటారు, ఈ గోడలు ఎలా నిలబడ్డాయి?")

మంచి ప్రశ్న, నా సబ్జెక్టు. 2012 మేలో ఆ ప్రాంతంలో రెండు పెద్ద భూకంపాలొచ్చాయి, ఫెరారాలో ఆ మేడకి కూడా దెబ్బ తగిలింది, రిపేర్లకి కొన్నేళ్ళు పట్టింది. అక్కడ పాత ఇళ్ళ ముఖాల మీద చూడండి, అక్కడక్కడా ఇనప కడ్డీలో, బిళ్ళలో కనబడతాయి. అలంకారం అనుకుంటారు. లోపల ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనప కడ్డీ దూర్చి, గోడలు బయటికి తెరుచుకోకుండా బిగించిన బోల్టులు అవి. అన్ని ఊళ్ళ ఫోటోలు చూపించాను గానీ ఆ బిళ్ళల ఫోటోలే నా దగ్గర నూట నలభై ఉన్నాయి. మా ఆవిడ వాటిని డిలీట్ చేయమంటోంది.

(ఒక మహిళ: "మేం శాకాహారులమండీ. పదకొండు రోజులు ఏం తిన్నారు?")

అమ్మా, మీరడిగిందే అసలు ప్రశ్న. ఫెరారాలో కప్పెల్లాచ్చీ అని ఉంటాయి, గుమ్మడికాయ ముద్ద పెట్టి చుట్టిన పాస్తా, మన కజ్జికాయల్లాగా. తియ్యగా ఉంటాయి. పైన మాంసం కూర వేస్తారు, కాబట్టి "బుర్రో ఎ సాల్వియా" అని చెప్పండి, అంటే వెన్న, ఒక రకం ఆకు. పర్మేజాన్ జున్నులో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు, మరీ పట్టింపు ఉంటే జున్ను వద్దనండి. లోపలి ముద్దలో కూడా కలుపుతారు, అది అడిగి చూసుకోవాలి. మేం ఆవకాయ పట్టుకెళ్ళాం, గదిలో అన్నం వండుకున్నాం, అది వేరే సంగతి.

బిల్లు వచ్చినప్పుడు కింద "కొపెర్తో" అని తలకి రెండో మూడో యూరోలు వేసుంటారు. తినలేదే అని నేను వాదించాను. అది కూర్చున్నందుకట. కుర్చీ, బల్ల గుడ్డ, రొట్టె బుట్టకి. తగ్గించమని అడిగాను. ఆ కుర్రాడు నవ్వి, ఇంగ్లీషులో చెప్పాడు, రేటంతే అని.